రాత్రికో ఊరు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఇంజనీరింగులో అవకాశాల మీద ఇరవై నిమిషాలు మాట్లాడాలి" అన్నారు. ఆ అవకాశాల సంగతి మీ పిల్లలకు నాకన్నా బాగా తెలుసు. అందుకని వేరే విషయం మాట్లాడతానన్నాను. "ఏమిటది?" అన్నారు. "అమెరికాలో జాజ్ వాద్యగాళ్లు ఊరూరా తిరిగిన కథ" అన్నాను. కాసేపు అవతల నుంచి ఏమీ వినపడలేదు. తర్వాత, "సరే, పదిహేను నిమిషాలు" అన్నారు. కాబట్టి తొందరగానే చెబుతాను.

నా ఉద్యోగం విద్యుత్ కేంద్రాల్లో. టర్బైను బిగించడం పూర్తయ్యాక దాన్ని మొదటిసారి తిప్పి, పరీక్షలన్నీ చేసి, అప్పగించి రావడం నా పని. ముప్ఫై ఏళ్లుగా ఒక సైటు నుంచి ఇంకో సైటుకు పెట్టె సర్దుకోవడమే. అలాగే ఒకసారి అమెరికాలో పిట్స్‌బర్గ్ దగ్గర పద్నాలుగు నెలలున్నాను. రాత్రి డ్యూటీ దిగి వస్తుంటే కారు రేడియోలో పాత జాజ్ వేసేవాళ్లు. మొదట్లో నాకు నచ్చలేదు. ఎవరి దారిన వాళ్లు వాయిస్తున్నట్టుండేది. తర్వాత తెలిసింది. ముందు అందరూ కలిసి పాట వాయిస్తారు. ఆ తర్వాత ఒక్కొక్కరూ లేచి, మన కచేరీల్లో మనోధర్మం అంటామే, అలా ఆ పాట మీదే అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు. నిన్న వాయించినట్టు ఇవాళ వాయించరు. నల్లజాతి వాళ్లు న్యూ ఆర్లియన్స్ వైపు మొదలుపెట్టిన సంగీతం ఇది.

పాట నచ్చాక మనుషుల గురించి చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ, వీళ్లది కూడా నా ఉద్యోగమే కదా అనిపించింది. కాకపోతే జీతం, బస నాకు నయం.

డ్యూక్ ఎల్లింగ్టన్ అని ఒకాయన. పియానో వాయిస్తూ, పాటలు కడుతూ, పదిహేను మంది వరకు ఉండే బృందాన్ని నడిపాడు. 1927 నుంచి న్యూయార్కులో కాటన్ క్లబ్ అనే చోట వాయించేవాడు. అక్కడ వాయించేవాళ్లు, ఆడేవాళ్లు నల్లవాళ్లు. కూర్చుని చూసేది తెల్లవాళ్లు. 1931లో అక్కడి నుంచి బయటపడి రోడ్డెక్కాడు. ఆ రోడ్డు ఆయన చనిపోయిన 1974 దాకా ఆగలేదు. నలభై మూడేళ్లు!

వాళ్ల భాషలో 'వన్ నైటర్' అంటారు, రాత్రికో ఊరు. పొద్దున్నే ఏదో ఊళ్లో బస్సు దిగాలి. ఇస్త్రీ చేసేవాణ్ణి, అన్నం పెట్టేవాణ్ణి వెతుక్కోవాలి. హాలుకు వెళ్తే అక్కడి పియానోలో కొన్ని మెట్లు పలకవు. రాత్రి తొమ్మిదికి మొదలుపెడితే ఒంటిగంట దాకా జనం డాన్సు చేస్తూనే ఉంటారు. తర్వాత పెట్టెలు సర్దుకుని మళ్లీ బస్సు. కూర్చునే నిద్ర. వందల మైళ్ల అవతల తెల్లవారుతుంది. ఇందులో సంగీతం నాలుగు గంటలు, మిగతా ఇరవై గంటలు సామాన్లు మోయడం, ఎదురుచూడటం. మా సైట్లలోనూ అంతే. టర్బైను తిరిగే ముచ్చట ఒక్క పూట.

పైగా ఊరు మారితే ఎండ మారుతుంది, ఎండతో శ్రుతి మారుతుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే శబ్దవేగం సెకనుకు సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది. ఊదే వాద్యాల శ్రుతి పైకి పోతుంది. పియానో దానితోపాటు పెరగదు. చలిలో ఊదేవాళ్లు కిందికి దిగిపోతారు.

ఇది నేను ఇంజనీరింగు కాలేజీలో నేర్చుకోలేదు. ఈ బడిలోనే, తొమ్మిదో తరగతిలో, వెనక బెంచీ నుంచి విన్నాను.

మా క్లాసులో ఒకతను ఉండేవాడు. పేరు చెప్పను, మా బ్యాచ్ వాళ్లకు ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. వాళ్ల నాన్నది బ్యాండుమేళం. పెళ్లిళ్ల రోజుల్లో ఇతను బడికి వచ్చేవాడు కాదు. వచ్చినా పాఠంలో నిద్రపోయేవాడు, రాత్రంతా ఊరేగింపులో నడిచి. ఒకరోజు ఫిజిక్స్ మేష్టారు శ్రుతిదండం, నీళ్లగొట్టం పెట్టి అనునాదం చూపిస్తున్నారు. వెనక నుంచి ఇతను లేచి, "ఎండలో అయితే ఇంకా పైకి పలుకుద్దండీ" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. మేష్టారు నవ్వలేదు. "నీకెలా తెలుసురా?" అన్నారు. "క్లారినెట్టు అండీ. మిట్టమధ్యాహ్నం పెళ్లయితే పై ముక్క కొంచెం బయటికి లాగుతాం, లేకపోతే కలవదండి" అన్నాడు. మేష్టారు మిగతా పాఠం అతని చేతే చెప్పించారు. మా క్లాసులో అతన్ని ఎవరైనా ముందుకు పిలవడం నాకు తెలిసి ఆ ఒక్కసారే. ఆ వేసవి తర్వాత అతను బడికి రాలేదు.

మళ్లీ జాజ్ దగ్గరికి వస్తాను. దక్షిణాది రాష్ట్రాలకు వెళ్లినప్పుడు వీళ్లకు అసలు కష్టం మొదలయ్యేది. హాలు కిటకిటలాడేది, చప్పట్లు మారుమోగేవి. అవి అయ్యాక ఆ ఊళ్లో ఏ హోటలూ వీళ్లకు గది ఇచ్చేది కాదు, భోజనమూ పెట్టేది కాదు. నల్లవాళ్లకు ఏ ఊళ్లో ఎవరి ఇంట్లో బస దొరుకుతుందో, ఎక్కడ తిండి దొరుకుతుందో చెప్పే పుస్తకమే ఒకటుండేది. 'గ్రీన్ బుక్' అనేవారు. హార్లెంలో ఉండే విక్టర్ గ్రీన్ అనే తపాలా ఉద్యోగి 1936 నుంచి వేశాడు. ఎల్లింగ్టన్ ఇంకో ఉపాయం చేశాడు. రైల్లో పుల్‌మన్ పెట్టెలు, అంటే పడక పెట్టెలు, సామాన్ల పెట్టె సొంతానికి అద్దెకు తీసుకున్నాడు. ఊరు రాగానే వాటిని స్టేషన్లో పక్క లైన్లో నిలిపేవాళ్లు. ఇక అదే బస, అదే భోజనశాల. ఎవరి గడపా తొక్కక్కర్లేదు. రైలు పరుగంతా వాద్యాల మీద వినిపించేలా 1933లో 'డేబ్రేక్ ఎక్స్‌ప్రెస్' అని ఒకటి కట్టాడు. దొరికితే వినండి, మూడు నిమిషాలే.

అందరికీ రైలు పెట్టెలు ఎక్కడివి? బిల్లీ హాలిడే అనే గాయని 1938లో ఆర్టీ షా అనే తెల్లాయన బృందంతో తిరిగింది. వేదిక మీద అందరికంటే ముందు ఆమె. న్యూయార్కులో ఒక పెద్ద హోటల్లో పాడేటప్పుడు మాత్రం ఆమెను సామాన్ల లిఫ్టులో రమ్మన్నారు. ఆ ఏడాదే ఆ బృందం వదిలేసింది.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అమెరికా వాళ్ల మీద కోపంతో కాదు.

1988లో మా అక్క పెళ్లి. నేను అప్పుడు ఇంజనీరింగు చదువుతున్నాను. వైశాఖమాసం. విడిది నుంచి మా ఇంటిదాకా పెట్రోమాక్స్ లైట్ల మధ్య ఊరేగింపు. క్లారినెట్టు వాయిస్తున్నది అతనే. ఊళ్లో వాళ్లంతా నిలబడి విన్నారు, నోట్లు గుచ్చారు, మా మామయ్య అయితే పక్కనే చిందులేశాడు. రాత్రి బంతులన్నీ అయ్యాక, అందరూ తిన్నాక, బ్యాండు వాళ్లకు దొడ్లో గడ్డివాము పక్కన విస్తళ్లు వేశారు. నేను చేతులు కడుక్కోవడానికి అటు వెళ్లాను. అతను నన్ను చూశాడు. పక్కన మా పెద్దవాళ్లున్నారు. "బాబుగారూ, కాస్త మంచినీళ్లు ఇప్పిస్తారా" అన్నాడు. మూడేళ్లు ఒకే క్లాసులో కూర్చున్నవాడు, నన్ను బాబుగారూ అన్నాడు. నేను "ఒరేయ్" అనలేదు. "అలాగే" అని లోపలికి వెళ్లి ఎవరికో చెప్పాను. నీళ్లు నేను తీసుకెళ్లలేదు.

ఇది ఆనాటి పద్ధతి అంటారు మా ఇంట్లో. ఆ హోటలు వాళ్లూ ఆ మాటే అని ఉంటారు.

1963లో ఎల్లింగ్టన్ బృందాన్ని అమెరికా ప్రభుత్వం తన ఖర్చుతో విదేశాలకు పంపింది. డమాస్కస్, కాబూల్, ఢిల్లీ, హైదరాబాదు, మద్రాసు, కలకత్తా, టెహ్రాన్, బాగ్దాద్, ఇంకా ఎన్నో ఊళ్లు. అవును, మన హైదరాబాదు కూడా. దేశానికి ప్రతినిధులుగా, విందులూ దండలూ అన్నీ. అప్పటికి వాళ్ల సొంత దేశంలో కొన్ని ఊళ్లలో వాళ్లకు గది లేదని చట్టబద్ధంగానే చెప్పొచ్చు. దాన్ని నిషేధించిన చట్టం వచ్చింది మరుసటి ఏడాది, 1964 జూలైలో. బృందం టర్కీలో ఉండగా కెన్నెడీ హత్య జరిగింది. ప్రయాణం అక్కడితో ఆగిపోయింది.

ఇంత పడి ఎందుకు తిరిగారు అంటే, ఎల్లింగ్టన్‌కు డబ్బు అవసరమై కాదు. ఆయన పాటల మీద వచ్చే రాయల్టీలు తెచ్చి బృందం జీతాలకే పోసేవాడు. రాత్రి కాగితం మీద రాసింది మర్నాడే చెవులతో వినాలి, అందుకు మనుషులు పక్కనే ఉండాలి. ఆ మనుషుల్లో నాకు బాగా నచ్చినవాడు హారీ కార్నీ. బారిటోన్ శాక్సఫోన్ వాయిస్తాడు, అంటే కింది స్థాయిలో గంభీరంగా పలికేది. 1927లో పదిహేడేళ్లకు చేరి 1974 దాకా అక్కడే ఉన్నాడు. చాలా ఏళ్లు ఎల్లింగ్టన్ బస్సెక్కలేదు, కార్నీ కారులోనే వెళ్లేవాడు. నాలుగు గంటలు వాయించినవాడే రాత్రంతా స్టీరింగు పట్టేవాడు. ఎల్లింగ్టన్ మే నెలలో పోతే, కార్నీ ఆ అక్టోబరులోనే పోయాడు.

రాత్రి ప్రయాణం అందరికీ అలా కలిసిరాలేదు. క్లిఫర్డ్ బ్రౌన్ అని ట్రంపెట్ వాద్యగాడు, ఇరవై అయిదేళ్ల కుర్రాడు. మందు, మత్తు ఏమీ ముట్టడని పేరు. 1956 జూన్ 26 రాత్రి వానలో షికాగో కచేరీకి పెన్సిల్వేనియా టర్న్‌పైక్ మీద పోతుంటే కారు రోడ్డు దాటి పడిపోయింది. అతనూ, బృందంలో పియానో వాయించే రిచీ పావెల్, కారు నడుపుతున్న రిచీ భార్య, ముగ్గురూ పోయారు. ఆ రోజు క్లిఫర్డ్ భార్య పుట్టినరోజు, వాళ్ల పెళ్లిరోజు కూడా. నేను ఆ రోడ్డు మీద ఎన్నిసార్లు నడిపానో. ఆ సంగతి తెలిశాక రాత్రిపూట దాని మీద డెబ్భై మైళ్ల వేగం దాటలేదు.

పిట్స్‌బర్గ్‌లో ఒక ఆదివారం పనిగట్టుకుని ఒక బడి చూడటానికి వెళ్లాను. వెస్టింగ్‌హౌస్ హైస్కూలు. బిల్లీ స్ట్రేహార్న్, ఎరల్ గార్నర్, అహ్మద్ జమాల్ ముగ్గురూ అక్కడ చదివినవాళ్లే, జాజ్‌లో ముగ్గురివీ పెద్ద పేర్లు. కార్ల్ మెక్‌విక్కర్ అనే సంగీతం మేష్టారు ఉండేవాడు. స్ట్రేహార్న్ బీదవాడు, మందుల దుకాణంలో పనిచేసేవాడు. 1938 డిసెంబరులో ఎల్లింగ్టన్ బృందం ఆ ఊళ్లో వాయిస్తుంటే ఎవరో తీసుకెళ్లి పరిచయం చేశారు. పియానో వాయించి చూపించాడు. ఎల్లింగ్టన్ న్యూయార్కు రమ్మన్నాడు. అక్కడి నుంచి చనిపోయేదాకా ఇద్దరూ కలిసే పనిచేశారు. 1963లో స్ట్రేహార్న్ కూడా ఆ బృందంతో ఇటు వచ్చాడు. ఆదివారం కదా, గేటు వేసి ఉంది. బయట నిలబడి మన బడి గేటు గుర్తు చేసుకుని వచ్చేశాను.

ఈ స్వర్ణోత్సవం సంగతి తెలియగానే మా క్లాసు జాబితా అడిగి తెప్పించుకున్నాను. మా వాడి పేరు అందులో లేదు. పదో తరగతి పాసైన రిజిస్టరు చూసి తయారు చేశారట. తొమ్మిదిలో మానేసినవాళ్లు అందులో ఉండరు కదా. తిరిగి తిరిగి నంబరు సంపాదించి ఫోన్ చేశాను. నా పేరు చెప్పగానే, "ఏరా ఇంజనీరూ, బాగున్నావా" అన్నాడు. ముప్ఫై ఏడేళ్లు ఆ "బాబుగారూ" నా చెవిలో ఉండిపోయింది, అతను ఒక్క "ఏరా"తో తీసేశాడు. పెళ్లి రోజు సంగతి ఎత్తి క్షమించమన్నాను. "నువ్వు చెప్పావుగా, నీళ్లు వచ్చాయిలే" అన్నాడు. ఇప్పుడు బ్యాండు అతని కొడుకు నడుపుతున్నాడు, వ్యాను ఉంది. రాత్రి పెళ్లయ్యాక డ్రైవరు నిద్రపోకుండా పక్కన కూర్చుని కబుర్లు చెప్పడం ఇతని పని. నాకు కార్నీ గుర్తొచ్చాడు. అతనికి చెబితే, "ఆయన నడిపేవాడు, నేను వాగుతాను" అన్నాడు.

ఇవాళ ఇక్కడికి రమ్మన్నాను. ముహూర్తాల రోజులట, ఇవాళ ఎక్కడో పెళ్లి ఉందట. "ఈసారి పెట్టుకుంటే మూఢంలో పెట్టుకోండిరా, ఖాళీగా ఉంటాను" అన్నాడు.

కార్యదర్శి గారూ, అతని సభ్యత్వం డబ్బు నేను తెచ్చాను. తొమ్మిదో తరగతిలో ఆగినవాళ్లకు ఫారం ఇవ్వడం కుదరదని నిబంధన ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పండి, సర్వసభ్య సమావేశం రేపే కదా, అక్కడ మాట్లాడుకుందాం. అతని చిరునామా, ఫోన్ నంబరు ఈ కాగితం మీద రాసి ఉన్నాయి. మీ దగ్గర పెట్టి దిగుతాను.