మందుకు పల్లకి
(మలక్‌పేటలోని ఒక పఠనమందిరమున గావించిన ఉపన్యాసపాఠము)



ఈ మలక్‌పేటనుండి చాదర్‌ఘాట్ వంతెన దాటి కొంతదూరము పోయినచో కోఠీ చెవి, ముక్కు, గొంతు వైద్యశాల చేరుదుము. 2021వ సంవత్సరము మే నెలలో బ్లాక్ ఫంగస్ రోగులకు అదియే దిక్కయ్యెను. ఆ నెల 20వ తేదీన ప్రభుత్వము 1897వ సంవత్సరపు అంటువ్యాధుల చట్టము క్రింద దానిని విధిగ తెలుపవలసిన వ్యాధిగ ప్రకటించెను. చట్టము సిద్ధముగ నుండెను, మందు చాలకపోయెను.

ఆ మందు ఆంఫోటెరిసిన్ బి. అది 1950 దశకమునాటిది. బూజును చంపును గాని, వట్టిగ నెక్కించినచో మూత్రపిండములను చెరచును. కావున శాస్త్రజ్ఞులు దానిని కొవ్వుపొరల సూక్ష్మకణములలో నిమిడ్చిరి. మీటరును నూరుకోట్ల భాగములు చేసిన నొక భాగము నానోమీటరు. ఈ కణము నూరు నానోమీటర్లకు లోబడినది. పల్లకిలో పోవు పెండ్లికూతురువలె మందు త్రోవలో నెవరి కంటను బడక, బూజు పట్టినచోట దిగును. ఇది రామబాణమని మేమనము. కొంతభాగము కాలేయమునను ప్లీహమునను చిక్కుకొనును. ఐనను మూత్రపిండములకు హాని మిక్కిలి తగ్గును.

మరి నాడు కొరవడినదేమి? మేము న్యాయవాదులము గనుక మొదట పేటెంటునే శంకించితిమి. ఆ శంక నిలువలేదు. మన దేశమున పలు కంపెనీలు ఆ మందును చేయుచునే యుండెను. మేలిరకపు కొవ్వుపదార్థము చాలవరకు విదేశములనుండి రావలెను; దానితో కణములు కట్టు నేర్పు కొలదిమందికే కలదు. పెండ్లికూతురు సిద్ధము, పల్లకి లేదు!

ఆ నెలలోనే హైదరాబాదు ఐ.ఐ.టి. ఆచార్యులు సప్తర్షి మజుందార్, చంద్రశేఖర్ శర్మ గారలు నానోతంతువులతో ఆ మందునే 60 మిల్లీగ్రాముల మాత్రగ రూపొందించితిమనియు, ధర సుమారు 200 రూపాయలుండుననియు, పద్ధతి నెవరైనను స్వేచ్ఛగ వాడుకొనవచ్చుననియు ప్రకటించిరి. ఆ త్యాగమునకు నమస్కారము. కాని కాగితముపై విడిచిన హక్కు రోగి నోటిలోని మాత్ర కాదు. దానిని రోగులయెడ పరీక్షింపవలెను, కర్మాగారమున చేయవలెను, వైద్యశాలలో నిలువయుంచవలెను. ఈ మూడును ఆచార్యుల చేతిలోనివి కావు.

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట మనకు వాడుకయైనది. ప్రజల పన్నులతో పుట్టిన విద్య ప్రజల వైద్యశాలకు చేరువరకు ప్రభుత్వమే వ్యయము భరింపవలెనని మేము కోరుచున్నాము. వోటడుగ వచ్చువారిని మీరును ఈ యొక్క ప్రశ్న యడుగుడు: మరల అట్టి తెగులు వచ్చిన నాటికి మన పల్లకి యెక్కడ?