ఆబ్సెంట్ అయిన అబ్బాయి పాస్ ఎలా అయ్యాడు? ఎక్సెల్‌లో ఇఫ్ ఫార్ములా

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఇఫ్ ఫార్ములా గురించి చెప్పమని అడిగారు. ముఖ్యంగా స్కూళ్లలో మార్కుల షీట్లు చేసేవాళ్లు. సరే, ఈరోజు అదే చూద్దాం. ముందు నేను చేసిన ఒక తప్పు చెప్తాను.

కొన్నేళ్ల క్రితం ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేసేవాణ్ణి. పదో తరగతి ప్రీ ఫైనల్ అయింది. మార్కుల షీటు నేనే చేశాను, పాస్ ఫెయిల్ ఫార్ములా నేనే వేశాను. ప్రింట్లు తీసి ఇళ్లకు పంపించేశాం. రెండు రోజులైనా ఒక అమ్మాయి బడికి రావట్లేదు. మూడో రోజు వాళ్ల నాన్నగారు వచ్చి, "సైన్స్ ఫెయిల్ అయిందటగా సార్, ఇక చదువు మాన్పిద్దామనుకుంటున్నా" అన్నారు. ఆ అమ్మాయి పరీక్ష బాగానే రాసిందండీ. ఆ పేపర్ల కట్ట ఒకటి ఇంకా దిద్దలేదు. సైన్స్ గడి ఖాళీగా ఉంది, నా ఫార్ములా ఫెయిల్ అనేసింది. తర్వాత వచ్చిన మార్కులు 71.

ఎందుకలా అయిందో చూద్దాం. స్క్రీన్ మీద షీటు కనిపిస్తోంది కదా. ఎ కాలమ్‌లో పేర్లు. బి తెలుగు, సి హిందీ, డి ఇంగ్లీషు, ఇ లెక్కలు, ఎఫ్ సైన్స్, జి సోషల్. ఇఫ్ అంటే "అయితే" అని అర్థం. అందులో మూడే భాగాలు: ఒక ప్రశ్న, అవునైతే ఏం రాయాలి, కాదైతే ఏం రాయాలి. మధ్యలో కామాలు.

=ఇఫ్(ఎఫ్2>=35,"పాస్","ఫెయిల్")

మీకు అర్థమవడానికి తెలుగులో చూపిస్తున్నాను. ఫార్ములా పేరు, గడి పేరు మాత్రం మీరు ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయాలి. కోట్స్ లోపల ఉన్న మాట తెలుగులో పెట్టినా పనిచేస్తుంది.

ఇప్పుడు ఎఫ్2 లో ఉన్నది డిలీట్ చేస్తున్నా, చూడండి. ఫెయిల్ వచ్చేసింది! ఖాళీ గడిని అంకెతో పోల్చమంటే ఎక్సెల్ దాన్ని సున్నా అనుకుంటుంది. సున్నా 35 కన్నా తక్కువ కాబట్టి ఫెయిల్. దానికి దిద్దని పేపరూ సున్నా మార్కులూ ఒకటే.

ఇంకో తమాషా చూడండి. అదే గడిలో ఆబ్సెంట్‌కి గుర్తుగా ఎబి అని కొడుతున్నా. ఏం వచ్చింది? పాస్! ఎక్సెల్ పోలికల్లో ఏ అక్షరమైనా ఏ అంకె కన్నా పెద్దదే. అందుకని పరీక్షకి రానివాడు పాస్ అయిపోయాడు. ఆ అమ్మాయి షీటు సరిచేస్తుంటే మాకూ అలాంటి అబ్బాయి ఒకడు దొరికాడు, లెక్కల పరీక్షకే రాలేదు. వాళ్లింట్లోంచి ఎవరూ వచ్చి అడగలేదు. పాస్ అని వస్తే ఎవరడుగుతారు చెప్పండి!

వాట్సాప్‌లో వచ్చిన మార్కులు కాపీ చేసి పేస్ట్ చేస్తే కూడా ఇదే ప్రమాదం. ఒక్కోసారి 28 అనేది అంకెగా కాకుండా టెక్స్ట్‌గా కూర్చుంటుంది. గడిలో ఎడమ పక్కకి అతుక్కుని, మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం కనిపిస్తే అదేనని అనుమానించండి. ఆ 28 కూడా పాసే!

కాబట్టి పాసా ఫెయిలా అని అడిగే ముందు, ఆరు సబ్జెక్టులకీ నిజంగా అంకెలు ఉన్నాయా అని అడగాలి. దానికి కౌంట్ ఉంది. అది అంకెలున్న గడుల్నే లెక్కపెడుతుంది. ఖాళీలు, ఎబిలు, టెక్స్ట్‌గా మారిన 28లు, ఏవీ లెక్కలోకి రావు. నిజంగా సున్నా వేస్తే మాత్రం వస్తుంది, మనకి కావలసిందీ అదే.

=ఇఫ్(కౌంట్(బి2:జి2)<6,"చూడాలి",ఇఫ్(యాండ్(బి2>=35,సి2>=20,మిన్(డి2:జి2)>=35),"పాస్","ఫెయిల్"))

పొడుగ్గా ఉందని భయపడకండి. అంకెలు ఆరు కంటే తక్కువుంటే "చూడాలి" అని రాసి అక్కడే ఆగిపోతుంది. ఆరూ ఉంటేనే రెండో ఇఫ్‌లోకి వెళ్తుంది. యాండ్ అంటే లోపల చెప్పినవన్నీ నిజం కావాలి. మన పదో తరగతిలో ద్వితీయ భాష హిందీకి 20 వస్తే చాలు, మిగతావాటికి 35 రావాలి కదా, అందుకే సి2 కి విడిగా 20 పెట్టాను. డి నుంచి జి వరకు ఒక్కోటీ రాయకుండా, వాటిలో అతి తక్కువ మార్కు 35 దాటిందా అని మిన్‌తో అడిగాను.

కొంతమంది ఇంత ఎందుకని టోటల్ 210 దాటితే పాస్ అని పెట్టేస్తారు. దయచేసి అలా చేయకండి. లెక్కల్లో 12 వచ్చినవాడు తెలుగులో 90 తెచ్చుకుంటే ఆ షీటులో పాసైపోతాడు, బోర్డు పరీక్షలో దొరికిపోతాడు.

ఎబిలకి విడిగా "ఆబ్సెంట్" అని రావాలంటే, అన్నిటికన్నా ముందు ఇంకో ఇఫ్ పెట్టి, కౌంట్ఇఫ్(బి2:జి2,"ఎబి")>0 అని అడగండి. ఎవరైనా ఎబి తర్వాత పొరపాటున స్పేస్ కొడితే అది దీనికి దొరకదు. అయినా పర్లేదు, వెనకాల కౌంట్ ఉంది కదా, "చూడాలి"లో పడుతుంది.

గ్రేడ్ల గురించి ఒక్క మాట. ఇఫ్ లోపల ఇఫ్ రాసేటప్పుడు పెద్ద మార్కు నుంచి కిందికి రండి. ముందే >=35 అని రాస్తే 95 వచ్చినవాడు కూడా అక్కడే ఆగిపోతాడు. ఎక్సెల్ 2019 నుంచి ఇఫ్స్ అని ఒకటుంది, అందులో బ్రాకెట్ల గొడవ తక్కువ. వరస మాత్రం అందులోనూ ఇంతే.

ఆ షీటు మళ్లీ ప్రింట్ తీసి, హెడ్మాస్టర్ గారితో కలిసి వాళ్లింటికి వెళ్లాను. ఆ అమ్మాయి కాగితం తీసుకుని సైన్స్ మార్కు ఒక్కటే చూసుకుని లోపలికి వెళ్లిపోయింది. మర్నాడు బడికి వచ్చింది.

ప్రింట్ ఇచ్చే ముందు ఫలితం కాలమ్‌కి ఫిల్టర్ పెట్టి, "చూడాలి" ఎన్ని ఉన్నాయో చూసుకోండి. అవి ఎలా రంగులో కనపడేలా చేయాలో, కండిషనల్ ఫార్మాటింగ్, వచ్చే ఎపిసోడ్‌లో చేద్దాం. ఉంటానండీ.