చైనాలో ఒక పరదేశి కుటుంబము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయమును కన్నబిడ్డవలె పెంచుకొని వచ్చిన మీకందరకును నా అభినందనములు. పుస్తకములను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. గ్రంథ పఠనము వలని లాభములను మీకు చెప్పబూనుట తాతకు దగ్గులు నేర్పుట వంటిది. కావున, పుస్తకములలో నేను చదివిన యొక కుటుంబపు కథను మీకు వినిపించెదను.

మన పల్లెలనుండి నేడెందరో బిడ్డలు పరదేశములకు పోవుచున్నారు. వైద్యవిద్యకై చైనాకు పోయిన తెలుగు విద్యార్థులును కలరు. బిడ్డ ఫోను చేసినపుడు తల్లి యడుగునది అచ్చటి కోటలను గూర్చి కాదు. "ఏమి తింటివి నాయనా? ఇరుగుపొరుగువారు మంచివారేనా?" అని యడుగును. ఈ ప్రశ్నకు సమాధానము చరిత్ర గ్రంథములలో అరుదు. అమెరికా రచయిత్రి పెర్ల్ బక్ తన తల్లిదండ్రులను గూర్చియు, తన్ను గూర్చియు వ్రాసిన గ్రంథములలో అది పుష్కలముగా లభించును.

ఆమె తండ్రి అబ్సలోమ్ సైడెన్‌స్ట్రికర్ క్రైస్తవ మత ప్రచారకుడు. తల్లి పేరు క్యారీ. ఆ దంపతులు వివాహమైన 1880లోనే ఓడయెక్కి చైనాకు పోయిరి. వారు సెలవుపై స్వదేశమునకు వచ్చియుండగా 1892లో పెర్ల్ జన్మించెను. కొన్ని నెలల పసికందుగానే ఆమెను చైనాకు తీసికొనిపోయిరి. 1896 నుండి వారి నివాసము యాంగ్‌ట్సీ నది యొడ్డున నున్న జెంజియాంగ్ నగరము.

నాటి పరిస్థితిని కొంచెము చెప్పవలెను. యుద్ధములలో చైనాను ఓడించి పాశ్చాత్య రాజ్యములు వ్రాయించుకొన్న సంధుల వలన ఆ దేశములో తెల్లవారికి ప్రత్యేకాధికారములు కలిగెను. వారు నేరము చేసినను చైనా న్యాయస్థానము విచారింపరాదు. జెంజియాంగ్ రేవునందు బ్రిటిషువారికి ప్రత్యేకమైన పేట యొకటి యుండెను. అయినను ఈ కుటుంబము ఆ పేటలో గాక చైనీయుల నడుమనే కాపురముండెను.

ఇక వారి దినచర్య. తండ్రి నెలల తరబడి గ్రామములు తిరుగుచుండెడివాడు. బైబిలు క్రొత్త నిబంధనను ప్రజలాడు చైనా భాషలోనికి అనువదించుట ఆయన జీవిత వ్రతము. దాని అచ్చుకై ఇంటి ఖర్చుల సొమ్ము సైతము పోవుచుండెనని కుమార్తె వ్రాసెను. ఇల్లు గడుపు భారమంతయు తల్లిదే. ఆమె నీరు కాచి గాని బిడ్డలకు పోయదు. పెరటిలో తన దేశపు పూలమొక్కలను పెంచుకొని, ఆ కొద్దిపాటి నేలలో తన పుట్టినింటిని చూచుకొనెడిది. చుట్టుపట్ల స్త్రీలు వచ్చి ఆమెతో తమ కష్టములు చెప్పుకొనెడివారు. అట్టి యిల్లాలికి దైవము పెట్టిన పరీక్ష సామాన్యము కాదు. ఏడుగురు బిడ్డలలో నలుగురు పసితనముననే పోయిరి. ఒక బిడ్డను కలరా, వేరొక బిడ్డను కంఠసర్పి పొట్టన పెట్టుకొన్నవి.

పెర్ల్‌ను పెంచిన దాది వాంగ్ అను చైనా వృద్ధురాలు. ఆ పిల్ల పసుపువన్నె జుట్టు మనుష్యుల జుట్టువలె లేదని ఆమెకు దిగులు! దానిని టోపీ క్రింద దాచి బయటకు తీసికొనిపోయెడిది. పిల్లకు చైనా భాష మాతృభాషతో సమానముగా అబ్బెను. తమ బల్లమీది భోజనమునకు ముందే వంటయింటిలో పనివారితో కలిసి చైనా వంటకములు తినుట ఆమెకు పరమానందము. ఉదయము తల్లి యొద్ద అమెరికా పాఠములు. మధ్యాహ్నము కుంగ్ అను చైనా పండితుని యొద్ద కన్‌ఫ్యూషియస్ బోధలు. తెల్లవారియెడ తన దేశస్థులకు ఆగ్రహమేల కలిగెనో ఆ పెద్దమనిషియే ఆమెకు తెలియజెప్పెను. తోడు లేని వేళలలో ఆ బాలికకు నేస్తములు డికెన్స్ నవలలు.

ఆమె పుట్టకపూర్వము జరిగిన సంఘటన యొకటి ఆమె వ్రాసిన తల్లి చరిత్రలో కలదు. ఆ సంవత్సరము వానలు లేక పైరులెండెను. పరదేశీయులు కాలుపెట్టుట చేతనే దేవతలు కోపించిరని జనులు తలచిరి. ఒక రాత్రి కొందరు ఆయుధములతో ఇంటిమీదికి వచ్చిరి. భర్త ఊర లేడు. క్యారీ తలుపులు తెరపించి, దీపములు వెలిగించి, పిల్లలను లేపి కూర్చుండబెట్టి, టీయు రొట్టెలును సిద్ధముచేసి, వచ్చినవారిని అతిథులవలె ఆహ్వానించెను. వారు తెల్లబోయి, టీ త్రాగి, ఆడుకొనుచున్న పిల్లలను చూచి వెడలిపోయిరి. నాటి రాత్రియే వాన కురిసెనట!

కాని అన్ని రాత్రులు అట్లు గడువవు. 1900లో బాక్సర్ తిరుగుబాటు కాలమున తల్లీబిడ్డలు షాంఘైకి పారిపోవలసి వచ్చెను. 1927 మార్చిలో అంతకంటె గొప్ప ఆపద కలిగెను. అప్పటికి పెర్ల్ వివాహితయై నాంజింగ్‌లో నుండెను. నగరమును పట్టుకొన్న సైనికులు పరదేశీయుల యిండ్లు దోచిరి, కొందరిని చంపిరి. అప్పుడు లూ అను పేద స్త్రీ, పూర్వము పెర్ల్ వలన సాయము పొందినది, పరుగున వచ్చి, ఆ కుటుంబమును తన గుడిసెలో దాచెను. పెర్ల్, భర్త, బిడ్డలు, వృద్ధుడైన తండ్రి, చెల్లెలి కుటుంబము, అందరును ఆ యిరుకు గదిలో ఊపిరి బిగబట్టి గంటల తరబడి కూర్చుండిరి. నదిలో పాశ్చాత్యుల యుద్ధనౌకలుండెను. తుదకు వారిని నగరము దాటించినవియు అవియే. కాని నౌకలు వచ్చువరకు ప్రాణములు నిలిపినది ఆ గుడిసె.

సోదరులారా! ఇచ్చట మనము రెండు సంగతులు గుర్తింపవలెను. ఒక కుటుంబము మంచిదైనంత మాత్రమున, దాని జాతి చేసిన అన్యాయము మాసిపోదు. చైనీయుల ఆగ్రహమునకు కారణము కలదు. ఆ ప్రత్యేకాధికారములను అమెరికా, బ్రిటన్‌లు వదలుకొన్నది 1943లో మాత్రమే. అయినను ఆ యాగ్రహపు మంటలో ఒక గుడిసె తలుపు తెరచుకొన్నదన్న, అది ఒక్కనాటి పుణ్యము కాదు. ఆ వంటయింటి ముద్దలు, నేర్చిన భాష, పొరుగువారి బాధలు విన్న ఓపిక, ఇవన్నియు కలిసి తెరపించిన తలుపు అది.

ఆ యనుభవమునుండియే 1931లో చైనా రైతు జీవితమును చిత్రించిన 'గుడ్ ఎర్త్' నవల వెలువడెను. 1938లో ఆమెకు నోబెల్ బహుమానము లభించెను. 1972లో ఆమె చైనాను మరల చూడగోరినపుడు అనుమతి లభింపలేదు. మరుసటి యేట ఆమె మరణించెను. నేడు జెంజియాంగ్‌లోను, నాంజింగ్‌లోను ఆమె నివసించిన యిండ్లు స్మారక గృహములుగా నిలిచియున్నవి.

తుదకొక మనవి. పరదేశి యనువాడు చైనాలోనే యుండడు. ఒడిశానుండి మన ప్రాంతపు ఇటుక బట్టీలకు ఏటేట కుటుంబములు వచ్చుచున్నవి. ఆ బిడ్డలకు మన భాష రాదు. మనకు వారి పేర్లు తెలియవు. ఆ తల్లులు నీళ్లకై ఎవరి గడప తొక్కుచున్నారో మనము విచారించితిమా? ఈ రజతోత్సవ వత్సరమున, బొమ్మల పుస్తకములున్న బీరువాను ఆ పిల్లలకును తెరచి, వారమునకొక సాయంకాలము వారిని చాపమీద కూర్చుండబెట్టి మన యక్షరములు చూపింపుడని కార్యకర్తలను వేడుచున్నాను. చందాదారులు కానివారికి పుస్తకము లీయరాదను నియమమున్నచో, ఆ చందా నేను చెల్లించెదను.