అమ్మ పాట ఫోన్‌తోనే పోవద్దు

అల్ వుకైర్ నుంచి మాట్లాడుతున్న.

ఊర్లో అమ్మ పాడి పంపిన నాట్ల పాట మన ఫోన్‌లోనే ఉంటది. ఫోన్ పోతే పాటా పోతది. అందుకే లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఆడాసిటీలో తెరవండి. 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో మొదలైన సాఫ్ట్‌వేర్ ఇది. పైసా కట్టే పని లేదు, దాని కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంటది.

ఫ్యాన్ చప్పుడు ఒక్కటే ఉన్న ముక్క సెలెక్ట్ చేసి, నాయిస్ రిడక్షన్‌లో 'గెట్ నాయిస్ ప్రొఫైల్' నొక్కండి. తర్వాత మొత్తం పాట సెలెక్ట్ చేసి, మళ్లీ అదే తెరిచి ఓకే నొక్కండి. చప్పుడు మరీ ఎక్కువ తీస్తే అమ్మ గొంతే మారిపోతది. అసలు ఫైల్ మాత్రం చెరపొద్దు.

లండన్‌లోని క్వీన్ మేరీ యూనివర్సిటీ వాళ్ల సోనిక్ విజువలైజర్ కూడా ఉచితమే. సంగీత పరిశోధకులు వాడేదే. గొంతు ఎక్కడ ఊగిందో, ఎక్కడ జారిందో తెరమీద గీతల్లో కనిపిస్తది.

ఈ శుక్రవారం ఫోన్ చేసి, అమ్మను ఇంకో పాట పాడమనండి.