మన త్రాగునీరు, మన యెముకలు

  

వార్షిక సభలలో విద్యనుగూర్చియు, మగ్గముల స్థితినిగూర్చియు ప్రసంగించుట వాడుక. మేము మాత్రము త్రాగునీటినిగూర్చి కొన్ని మాటలు మనవి చేయ నుద్దేశించితిమి. చిట్యాలలో కూడిన సభయందు ఈ విషయము విడిచితిమేని మఱి యెక్కడ మాటలాడవలెను?

గుంటమగ్గమున కూర్చుండువానికి మోకాళ్ళు వంగవలెను, నడుము నిలువవలెను, మెడ తిరుగవలెను. ఫ్లోరైడు పట్టిన దేహమున చెడునవి ఇవియే. ప్రక్కవానిని చూచుటకు మెడ త్రిప్పలేక మేనంతయు త్రిప్పువారిని మనము ఎఱుగుదుము. నడిప్రాయముననే గుంటలోనికి దిగజాలక ఆసు ముందఱ చేరినవారిని ఎఱుగుదుము. ఒకప్పుడు దీనిని కర్మమనిరి, వాతమనిరి. నేలలోని నల్లరాతియందు ఫ్లోరైడు గల ఖనిజములున్నవి. వాన తక్కువై, నీరు లోతునకు దిగి, ఆ రాతిని చిరకాలము అంటి నిలిచినప్పుడు ఆ ద్రవ్యము నీటిలో కరగును. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. కాచినను పోదు సరికదా, నీరు ఆవిరియైనకొలది మిగిలినదానియందు చిక్కబడును.

మన దేశమున ఈ వ్యాధిని మొదట గుర్తించినది వైద్యులు కారు, రైతులు. నాటి నెల్లూరు మండలమున ఎడ్లు కీళ్ళు బిగిసి నడువలేకుండుటను వారు చూచిరి. 1937లో వైద్యులు అదియే మనుష్యులయందును కలదని ప్రకటించిరి. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవారు మన జిల్లా పిల్లల మోకాళ్ళు లోనికి వంగుటనుగూర్చి 'లాన్సెట్' పత్రికయందు వ్రాసిరి. పటికయు సున్నమును కలిపి ఫ్లోరైడును అడుగునకు దించు పద్ధతిని నాగపురపు పరిశోధనాలయమువారు కనుగొని దానికి 'నల్లగొండ పద్ధతి' యని పేరిడిరి. ఆఫ్రికా ఖండమున టాంజానియా, ఇథియోపియా దేశములవారు సైతము దానిని వాడి చూచిరి. మన జిల్లా పేరు లోకమున ఇట్లు వ్యాపించుట మనకు గర్వకారణమో, సిగ్గుచేటో మేము నిర్ణయింపజాలము. దినదినము కొలతప్రకారము మందు కలుపుట, అడుగున దిగిన మడ్డిని తీసివేయుట ప్రతి గృహిణికిని సాధ్యమగు పని కాదు. ఆ పద్ధతి మన యిండ్లలో నిలువకపోవుటకు కారణమిదియే.

కావున ఈ బాధ ఒక యింటివారి తెలివిచేత తీరునది కాదు. దూరమునుండి మంచి నీరు ప్రజల సొమ్ముతో రావలసినదే. దానికై మన జిల్లావారు పడిన పాట్లు తక్కువవి కావు. 1996లో నల్లగొండ పార్లమెంటు స్థానమునకు 480 మంది పోటీచేసి, ఓటుపత్రమును పుస్తకమంత చేసి, తమ దాహమును దేశమునకు తెలిపిరి. 2004లో కృష్ణాజలము మన జిల్లా మీదుగానే హైదరాబాదు చేరెను. దారిలోని పల్లెలు పెక్కింటికి ఇంకను కొంతకాలము వేచియుండవలసివచ్చెను. పిమ్మట 2015లో మన పొరుగున చౌటుప్పలలో మిషన్ భగీరథ శిలాస్తంభము వెలసెను. 2020 నాటికి తెలంగాణమున ఫ్లోరైడు పీడిత నివాసమొక్కటియు మిగులలేదని కేంద్రప్రభుత్వము లెక్క చెప్పెను.

అది నీరందిన ఊళ్ళ లెక్క. నేలలోని ఫ్లోరైడు నేలలోనే యున్నది. వంగిన యెముక తిరిగి చక్కబడదు. నల్లా రెండు దినములు రాకున్న బోరు వేసికొనువారు మనలో లేరా? నల్లానీరు బట్టలుతుకుటకు, కొన్న డబ్బానీరు త్రాగుటకు అనుకొనువారు లేరా? నీటిని వడపోయు యంత్రపు పొర అరిగినచో ఫ్లోరైడు మరల వచ్చును. నాలుక దానిని పట్టజాలదు. లీటరు నీటికి ఒక మిల్లీగ్రాము మించకుండుట మేలని, వేఱు నీరు దొరకనిచోట ఒకటిన్నర దాటరాదని ప్రభుత్వ ప్రమాణము. దీనిని పరీక్షచేతనే తెలియవలెను.

ఇక చెప్పుటకు సంకోచమైన మాట యొకటి. సంబంధములు కుదుర్చుకొనునప్పుడు పసుపు చాఱల పండ్లను చూచి, ఆ యూరి పిల్ల వద్దని మరలిపోయినవారు మన కులమున కలరు. పెండ్లి చెడునను భయమున వ్యాధిని దాచి, వైద్యునికడకు పోనివారును కలరు. ఇది వంశరోగము కాదు. పండ్లు చిగుళ్ళలో ఏర్పడు వయస్సున, అనగా ఇంచుమించు ఎనిమిదేండ్ల లోపున త్రాగిన నీటి గుఱుతే ఆ చాఱ. అది రక్తమున బిడ్డలకు దిగదు. సంబంధము చూడబోయినవారు పండ్లను కాక, ఆ యింట పసిబిడ్డలకు ఏ నీరు పోయుచున్నారని అడుగుట మేలు. పాలు, ఉసిరిక, ఆకుకూరలు బిడ్డలకు పెట్టవలెను. చింతపండు ఫ్లోరైడును మూత్రమున వెడలించునని పోషకాహార సంస్థవారు చూపిరి. మన పులుసు ఇన్నాళ్ళకు శాస్త్రమున కెక్కినది! నల్లయుప్పు, పాలులేని తేనీరు తగ్గింపుడు.

ఈ సభవారు ఒక తీర్మానము చేయవలెనని మా ప్రార్థన. కులసంఘ భవనములలోను, పెండ్లివిందులలోను వాడు బోరునీటిని పరీక్షింపించి, ఆ యంకెను గోడపై వ్రాయింపవలెను; నల్లా నిలిచిన దినమున పురపాలకమునకు, పంచాయతీకి వ్రాతమూలకముగా తెలుపుటకు ప్రతి వాడకు ఒక యువకుని నియమింపవలెను. నేటి మధ్యాహ్నపు విందునకు వాడినది నల్లానీరేయని వంటవారిని ఉదయముననే అడిగి తెలిసికొంటిమి.