తోబుట్టువుల ప్రేమకథలు

ప్రణయకథలు చదువుట పనిలేనివారి పని యని పెద్దలు తలంతురు. అట్టి పుస్తకమును దిండుక్రింద దాచి చదువుట పెక్కుమందికి అలవాటు. మేమును అట్లే దాచితిమి. పరవాడలో సేద్యము చేసికొని బ్రదికిన యింట పుట్టిన ముగ్గురు అక్కచెల్లెండ్రము మేము. ఆ దాపరికము మాని, మేము చదివి సంతోషించిన నాలుగు పుస్తకములను గూర్చి నేడు శ్రోతలకు మనవి చేయుచున్నాము.

వానిని రచించినది అమెరికా రచయిత్రి నోరా రాబర్ట్స్. 1995, 1996 సంవత్సరములలో అవి వెలువడినవి. మేరీలాండ్ రాష్ట్రమున, 1862లో అంతర్యుద్ధపు ఘోరసంగ్రామము జరిగిన ఆంటీటమ్ ప్రాంతమున, ఒక రైతుకుటుంబము కలదు. మెకేడ్ సోదరులు నలుగురు. రేఫ్ పాతయిండ్లను బాగుచేయును; జేరెడ్ న్యాయవాది; డెవిన్ ఆ యూరి రక్షకభటాధికారి; షేన్ తాతతండ్రుల పొలము విడువని రైతు. ఒక్కొక్క పుస్తకమున ఒక్కొక్కని ప్రేమ. ఒకని కథ నడచుచుండగా తక్కిన మువ్వురును అందు తిరుగుచునే యుందురు; ఎగతాళి చేయుదురు, తగవులాడుదురు, ఆపదవేళ అండగా నిలుతురు. కావుననే ఒక పుస్తకము ముగియగానే తరువాతివాని గతి యేమో యని ఆతురత కలుగును.

రాత్రి భోజనములైన పిదప మేము వంతులవారీగా చదివి తెలుగున చెప్పుచుండగా, మా నాయనమ్మ మంచముపై పండుకొని వినుచుండెడిది. ఈ పుస్తకములలో శృంగారమునకు కొఱత లేదు. అట్టి పుటలు వచ్చినప్పుడు మా గొంతు తగ్గెడిది. రెండు మూడు పుటలు ఒక్కమారుగా తిరిగెడివి. ఒకనాడు ఆమె లేచి కూర్చుండి, “మజ్జిలో మింగేసినావేటే? పెళ్లీ కాపరం నానెరగనా?” అనెను. ఆనాటినుండి మింగుట మానితిమి.

యోచించి చూడగా ఇది మనకు క్రొత్త కాదు. సాతవాహన ప్రభువగు హాలుని పేర వెలసిన గాథాసప్తశతిలో దున్నెడివారి కొడుకులును, చేను కాచెడి పడుచులును ప్రేమించుకొనిరి. 1927లో చలముగారి ‘మైదానము’ స్త్రీ కోరికను స్త్రీ నోటనే చెప్పించినది. యద్దనపూడి సులోచనారాణిగారి మీన పట్టణపు సంపద విడిచి, సేద్యము చేసికొను కృష్ణను వరించినది. ఆ నవలను విజయనిర్మలగారు 1973లో చలనచిత్రముగా తీసిరి. పొలము గట్టున ప్రేమ పుట్టుట మన వాఙ్మయమున నున్నదే. మన యిండ్లలో దానిని గూర్చి మాటాడుటయే లేదు.

మూడవ పుస్తకము డెవిన్ కథ. అతడు ఏండ్ల తరబడి ప్రేమించిన క్యాసీ, భర్తచేత దెబ్బలు తిని అతనిని విడిచిన స్త్రీ. ఇద్దరు బిడ్డల తల్లి. మగవాని చేయి పైకి లేచిన బెదరును. డెవిన్ ఆ బెదరు తీరువరకు వేచియుండును. ఆమె సమ్మతి లేక అడుగైనను ముందుకు వేయడు.

మాలో ఒకతె అత్తవారింట దెబ్బలు తిని, బిడ్డనెత్తుకొని తిరిగివచ్చినది. వచ్చి మూడేండ్లయినను మేమేమియు అడుగలేదు, ఆమెయు చెప్పలేదు. ఆ కథ ముగిసిన రాత్రి ఆమె, “అప్పా, ముట్టుకునే ముందు అడిగేవోడు కూడా ఉంటాడేటి?” అనెను. అటుపిమ్మట తాను పడినదంతయు చెప్పినది. కోడి కూయువరకు వింటిమి. నాయనమ్మ ఆమె తలను తన ఒడిలో పెట్టుకొని, ఒక్కమాటయు ఆడలేదు.

ఈ పుస్తకములలో లోపములు లేకపోలేదు. నాయకులందరును అందగాండ్రే, తగవులన్నియు తీరిపోవును. “ఈళ్లకి అప్పుల్లేవేటే?” అని నాయనమ్మ అడిగినప్పుడు మాకు సమాధానము దొరకలేదు. అయినను ఆమెకు షేన్ యనిన ప్రాణము. పశువులకు మేత వేయకుండ ప్రేమ మాటలాడుచున్నాడని కోపించెడిది. పొలము విడువనివాడని మరల మెచ్చుకొనెడిది.

ఆ మెప్పునకు కారణము మాకు తెలియును. మా మండలమున సింహాద్రి విద్యుత్కేంద్రము వచ్చినది. 2002లో దాని మొదటి యంత్రభాగము పనిచేయ మొదలిడినది. పిదప ఔషధముల కర్మాగారములు వచ్చినవి. కొందరికి కొలువులు దొరకినవి. పెక్కు పొలములు పోయినవి. ఒకే కల్లమున ధాన్యము తూర్పారబట్టిన అన్నదమ్ములు ఒకరు ఉక్కు కర్మాగారమునకు, ఒకరు రేవునకు, ఒకరు హైదరాబాదునకు పోయిరి. పండుగకైనను అందరును ఒక్కచోట కూడుట అరుదు. మెకేడ్ సోదరులకో ఆ పొలము నేటికిని పుట్టినిల్లే. ఎవని ప్రేమ యెట్లు తిరిగినను నలుగురును మరల అచటికే వత్తురు. ప్రేమకథ యని చేతబట్టిన పుస్తకమున మాకు దొరకినది ఆ యిల్లు.

ఇప్పుడా నాలుగు పుస్తకములును దిండుక్రింద లేవు. నడవలోని గూటిలో, అందరికిని కనబడునట్లు, పంచాంగము ప్రక్కన నున్నవి.