అటక దిగిన స్పిరిట్ స్టవ్

గోదావరి సీమలోని పాత ఇళ్ళలో అటక దులిపినపుడు, మూలబడిన బిందెల నడుమ చిలుము పట్టిన చిన్న ఇత్తడి పొయ్యి ఒకటి కనిపించడం కద్దు. అదే స్పిరిట్ స్టవ్. అర్ధరాత్రి పసిబిడ్డకు పాలు వెచ్చజేయడానికి, ఇంటికి వచ్చిన వైద్యుడు సూదులు మరగించుకోవడానికి ఒకనాడు అక్కరకు వచ్చిన వస్తువిది. పొగ లేదు, మసి లేదు.

దాని ఇంధనమూ మనకు పరాయిది కాదు. చెరకు రసము నుండి చక్కెర తీయగా మిగిలిన మొలాసిస్‌ను పులియబెట్టి బట్టీ పడితే ఆల్కహాలు వచ్చును. సామర్లకోటలోని పాత సంస్థ పేరు ‘డెక్కన్ షుగర్ అండ్ అబ్కారీ కంపెనీ’. చక్కెరకూ సారాకూ గల చుట్టరికము ఆ పేరులోనే ఉన్నది. 1947లో తణుకులో స్థాపితమైన ఆంధ్రా షుగర్స్ కూడా చక్కెరతో ఆగక ఆల్కహాలు తయారీ చేపట్టినది. పొయ్యిలో వాడే స్పిరిట్‌ను ఎవరూ త్రాగకుండా విషము కలుపుతారు. అందులోని మిథైల్ ఆల్కహాలు చూపును, ప్రాణమును కూడ తీయగలదు. కనుక దానిని సోడా సీసాలో పోసి ఉంచరాదు.

ఇక పొయ్యిని బాగుచేసే విధానము. చాలామంది ముందుగా చింతపండుతో తోమి మెరిపిస్తారు. అది చివరి పని. మొదట కుండీలో నీరు పోసి, కాగితముపై ఒక పూట ఉంచవలెను. కాగితము తడిసినచో కుండీ కారుతున్నదన్నమాట. ఆ చిల్లును లక్కతో పూడ్చరాదు. లక్క ఆల్కహాలులో కరిగిపోవును. టంకమే వేయించవలెను. అయితే లోపల మిగిలిన స్పిరిట్ ఆవిరి నిప్పు తగిలితే ప్రేలగలదు కనుక, ముందుగా కుండీని వేడినీటితో పలుమారులు కడగవలెను.

కొన్ని పాత పొయ్యిల మంటగిన్నెలో తెల్లని పీచు కూరి ఉంటుంది. అది ఆస్బెస్టాస్ అనే రాతినార కావచ్చును. దాని ధూళి ఊపిరితిత్తులకు హాని. అట్టి పొయ్యిని గీకక, వెలిగించక, జ్ఞాపకార్థము ఉంచుకొనుటే మేలు. వత్తి ఉన్న పొయ్యికి నూలు వత్తియే వేయవలెను, నైలాను కరుగును. మూత క్రింది వాషరు ఎండి బిగిసి ఉంటే మార్చవలెను. గాలి రంధ్రమును సూదితో శుభ్రపరచవలెను. కిరోసిన్, పెట్రోలు ఇందులో ఎన్నడూ పోయరాదు. స్పిరిట్ వేడి కిరోసిన్ వేడిలో ఇంచుమించు అయిదింట మూడు వంతులే. కనుక నీరు కాగడము ఆలస్యమైనచో పొయ్యిని తప్పుపట్టరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. స్పిరిట్ మంట లేత నీలము. పగటి వెలుగులో దాదాపు కానరాదు. మా చిన్నతనములో మా మేనత్త, పొయ్యి ఆరినదనుకొని మరికొంత స్పిరిట్ పోసినది. మంట ధార వెంబడి సీసా దాకా ప్రాకినది. ఎవరో తడిగోనె కప్పి ఆర్పినారు గాని, ఆమె కుడిచేతి మచ్చ మాత్రము కడదాకా మానలేదు. నాటినుండి మా ఇంట ఒక నియమము ఏర్పడినది: చేయి ఆనించగలిగేటంత చల్లారిన పిదపనే తిరిగి పోయవలెను, సీసాను మరొక గదిలో ఉంచవలెను, మంటను ఊదక, పళ్ళెము బోర్లించి ఆర్పవలెను.

తాతలనాటి వస్తువును తిరిగి వెలిగించడము ముచ్చటయే. కాని ఇత్తడికి మెరుపు తెచ్చినంత మాత్రాన పొయ్యి బాగుపడినట్లు కాదు. అది కారకుండ, దానిచెంత ఎవరికీ చేయి కాలకుండ చూచుకొన్ననాడే బాగుపడినట్లు.